స్పీడ్ టెస్టు కొలిచేది దేన్ని?

కొంతకాలం క్రితం మా ఇంటి ఇంటర్‌నెట్‌ను 200 ఎంబీపీఎస్ (సెకనుకు 200 మెగాబిట్లు) ప్లానుకు మార్చుకున్నాం. ఆ సాయంత్రమే నా గదిలో ల్యాప్‌టాప్‌కు లాన్ కేబుల్ తగిలించి స్పీడ్ టెస్టు పెడితే 94 వచ్చింది. మళ్లీ పెడితే 93.8, మూడోసారి 94.1. లైను చూసే కుర్రాడికి ఫోను చేస్తే, సాయంత్రం పూట లోడు ఎక్కువగా ఉంటుందనీ, రాత్రి పదకొండు దాటాక చూడమనీ చెప్పాడు. పదకొండు దాటాకా 94 వచ్చింది. తెల్లవారుజామున ఐదింటికీ 94 వచ్చింది. రద్దీ వల్ల తగ్గే వేగం పూటకో తీరుగా ఊగుతుంది గాని గీత గీసినట్టు ఒకే అంకె దగ్గర నిలబడదు. హాల్లో రౌటరు పక్కన కూర్చుని ఫోనులో వైఫై మీద చూస్తే 180 దాటింది. అంటే లోపం బయటినుంచి వచ్చే ఫైబరులోనూ లేదు, రౌటరులోనూ లేదు. హాలు నుంచి నా గదికి గోడలోంచి వచ్చిన కేబుల్లో ఉంది. దాని చివర కనెక్టరు విప్పి చూస్తే ఎనిమిది తీగల్లో నాలుగే బిగించి ఉన్నాయి. మిగతా నాలుగింటినీ ఇల్లు కట్టినప్పుడు పనివాళ్లు గుమ్మం దగ్గరి ఇంటర్‌కామ్‌కు వాడుకున్నారు.

ఈ 94 అనే అంకెకు ఒక లెక్క ఉంది. లాన్ కేబుల్లో గిగాబిట్ వేగం, అంటే 1,000 ఎంబీపీఎస్ రావాలంటే ఎనిమిది తీగలూ కలవాలి. నాలుగే కలిస్తే రెండు వైపుల పరికరాలూ ఒప్పందానికి వచ్చి 100 ఎంబీపీఎస్‌కు దిగిపోతాయి. ఆ వందలోనూ మొత్తం మన చేతికి రాదు. సమాచారం ప్యాకెట్లుగా ప్రయాణిస్తుంది. 1,448 బైట్ల అసలు సరుకును మోయడానికి చిరునామాలూ, తప్పుల తనిఖీ గుర్తులూ, ప్యాకెట్టుకూ ప్యాకెట్టుకూ మధ్య వదిలే ఖాళీ అన్నీ కలిపి తీగమీద 1,538 బైట్ల చోటు పడుతుంది. 1,448ని 1,538తో భాగిస్తే 0.94 వస్తుంది. కాబట్టి 100 కన్నా పెద్ద ప్లాను తీసుకున్న ఇంట్లో టెస్టు ఎప్పుడు పెట్టినా 94 దగ్గరే ఆగుతుంటే, కంపెనీకి ఫోను చేసే ముందు కేబులునో, 100కు మించని పాతకాలపు పోర్టునో అనుమానించడం మంచిది. కంప్యూటర్ నెట్‌వర్క్ సెట్టింగుల్లో లింక్ స్పీడు ఎంతని ఉందో చూస్తే ఆ అనుమానం అక్కడికక్కడే తేలిపోతుంది.

స్పీడ్ టెస్టు అంకెను చాలామంది కరెంటు మీటరు రీడింగులా, తమ కనెక్షనుకు ఉన్న ఒకానొక స్థిరమైన గుణంగా చదువుతారు. నిజానికి అది మన చేతిలోని ఈ పరికరం నుంచి ఎక్కడో ఉన్న ఆ సర్వరు వరకు ఉన్న దారిలో, ఆ పదిపదిహేను సెకన్లలో, అన్నిటికన్నా ఇరుకుగా ఉన్న చోటు కొలత. కాలువ తల దగ్గర ఎన్ని క్యూసెక్కులు వదిలినా శివారు ఆయకట్టు రైతు పొలానికి చేరేది మధ్యలో అన్నిటికన్నా ఇరుకైన తూము దాటగలిగినంతే కదా. ఆ తూము ఎక్కడుందో శివారులో నిలబడి నీళ్లను చూస్తే తెలియదు. కాలువ వెంట నడిచి చూడాలి. ఇంటర్‌నెట్ విషయంలోనూ అంతే. టెస్టు ఒక్కటే పెడితే ఒక అంకె వస్తుంది. దారిలో ఒక్కో ముక్కనూ విడదీస్తూ పెడితే కారణం తెలుస్తుంది.

క్యూసెక్కుల మాట వచ్చింది కాబట్టి, ఎంతోమందిని తికమకపెట్టే యూనిట్ల సంగతిని కూడా దానితోనే చెప్పుకోవచ్చు. క్యూసెక్కు ప్రవాహపు వేగం, టీఎంసీ నీటి పరిమాణం. 11,574 క్యూసెక్కులు రోజంతా పారితే ఒక టీఎంసీ అవుతుంది. అలాగే ఎంబీపీఎస్ ప్రవాహం, జీబీ పరిమాణం. అయితే ఇక్కడ ఒక మెలిక ఉంది: కంపెనీలు ప్రవాహాన్ని బిట్లలో చెబుతాయి, మన ఫోనూ కంప్యూటరూ ఫైళ్లను బైట్లలో కొలుస్తాయి, ఒక బైటుకు ఎనిమిది బిట్లు. కాబట్టి 100 ఎంబీపీఎస్ కనెక్షను మీద డౌన్‌లోడ్ సెకనుకు 12.5 మెగాబైట్లని చూపిస్తే అక్కడ మోసమేమీ లేదు, పూర్తి వేగం వస్తున్నట్టే. ఒక జీబీ సినిమా దిగడానికి 80 సెకన్లు పడుతుంది, గంటసేపు అదే వేగంతో పారితే 45 జీబీ అవుతుంది. ఈ 45ను గుర్తుపెట్టుకుంటే ముందు ముందు పనికొస్తుంది.

ఇంతకీ టెస్టు యాప్ లోపల ఏం చేస్తుంది? ముందుగా చుట్టుపక్కల ఉన్న కొన్ని సర్వర్లకు చిన్న సందేశాలు పంపి, అందరికన్నా త్వరగా జవాబిచ్చినదాన్ని ఎంచుకుంటుంది. సందేశం వెళ్లి జవాబు తిరిగి రావడానికి పట్టే ఆ సమయమే పింగ్. దాన్ని మిల్లీసెకన్లలో చూపిస్తుంది. తర్వాత ఆ సర్వరు నుంచి అర్థం లేని బిట్లను శక్తికొద్దీ దింపుకుని ఎంత వేగంగా వచ్చాయో లెక్కకడుతుంది. ఆ పైన అదే పనిని వెనక్కి, అంటే అప్‌లోడుగా చేస్తుంది. మొదట్లో వేగం పుంజుకునే క్షణాలను చాలా టెస్టులు లెక్కలోంచి తీసేస్తాయి. ఈ పుంజుకోవడమనేది ఇంటర్‌నెట్ స్వభావంలోనే ఉంది. పంపేవైపు కంప్యూటరుకు దారి ఎంత వెడల్పో ముందుగా తెలియదు కాబట్టి అది సుమారు పది ప్యాకెట్లతో మొదలుపెట్టి, అవి క్షేమంగా చేరాయన్న కబురు వచ్చిన ప్రతిసారీ రెట్టింపు చేసుకుంటూ పోతుంది. పింగ్ 10 మిల్లీసెకన్లు ఉన్న సర్వరుతో 100 ఎంబీపీఎస్ దారిని నింపడానికి నాలుగు రెట్టింపులు, అంటే 40 మిల్లీసెకన్లు చాలు. పింగ్ 250 ఉన్న అమెరికా సర్వరుతో అదే దారిని నింపాలంటే ఎనిమిది రెట్టింపులు, అంటే దాదాపు రెండు సెకన్లు పడుతుంది.

ప్లాను రెట్టింపు చేసుకున్నా వెబ్‌సైట్లు మునుపటిలాగే నిదానంగా తెరుచుకుంటున్నాయని వాపోయేవారికి జవాబు ఇందులోనే ఉంది. ఒక పేజీలోని బొమ్మలూ అక్షరాలూ చిన్న చిన్న ఫైళ్లు. వేగం పూర్తిగా పుంజుకోకముందే వాటి పని అయిపోతుంది. అక్కడ ఆలస్యాన్ని తేల్చేది ఎన్నిసార్లు అటూ ఇటూ తిరగాల్సి వచ్చిందన్నదే గాని దారి ఎంత వెడల్పన్నది కాదు.

పింగ్‌కు ప్రకృతి పెట్టిన హద్దు కూడా ఒకటుంది. గాజుతీగలో కాంతి సెకనుకు దాదాపు రెండు లక్షల కిలోమీటర్లు పోతుంది, అంటే మిల్లీసెకనుకు 200 కిలోమీటర్లు. హైదరాబాదు నుంచి న్యూజెర్సీ ఆకాశమార్గాన సుమారు 13,000 కిలోమీటర్లు; వెళ్లి రావడానికి 26,000. ఏ అడ్డంకీ లేకుండా తిన్నగా తీగ వేసినా 130 మిల్లీసెకన్ల కన్నా తక్కువలో జవాబు రాదు. సముద్రగర్భ కేబుళ్లు తిన్నగా పోవు కాబట్టి ఆచరణలో అది 200 దాటుతుంది. న్యూజెర్సీలోని ఎడిసన్‌లో ఉన్న కూతురితో మాట్లాడుతున్నప్పుడు ఇద్దరూ ఒకేసారి మాట మొదలుపెట్టి ఇద్దరూ ఒకేసారి ఆగిపోతుంటే, దాన్ని పెద్ద ప్లాను సరిచేయలేదు.

ఒకే ఇంట్లో ఒకే నిమిషంలో మూడు టెస్టులు మూడు అంకెలు చూపడానికి కారణం వాటి మధ్య ఉన్న ఉద్దేశభేదమే. అందరికీ తెలిసిన ఊక్లా స్పీడ్‌టెస్ట్ 2006లో మొదలైంది. అది ఒకేసారి అనేక కనెక్షన్లు తెరిచి, దారిలో ఎంత పడుతుందో అంతా నింపి చూస్తుంది. దాని సర్వర్లలో చాలామటుకు ఇంటర్‌నెట్ కంపెనీలు తమ సొంత నెట్‌వర్కుల్లో పెట్టుకున్నవే. 2009లో ఏర్పడిన మెజర్‌మెంట్ ల్యాబ్ అనే లాభాపేక్ష లేని ప్రయత్నం నడిపే టెస్టు ఒకే ఒక్క కనెక్షనుతో కొలుస్తుంది, అదీ కంపెనీల నెట్‌వర్కులకు బయట ఉన్న సర్వర్లతో. ఒక్క ప్రవాహంలో ఎక్కడైనా రెండు ప్యాకెట్లు పోతే వేగం పడిపోతుంది కాబట్టి దాని అంకె సాధారణంగా తక్కువగా వస్తుంది. దారిలోని చిన్న లోపాలను అది ఎక్కువగా పట్టిస్తుంది. నెట్‌ఫ్లిక్స్ 2016లో తెచ్చిన ఫాస్ట్ డాట్ కామ్ తన సొంత వీడియో సర్వర్లనుంచే దింపి చూస్తుంది. ఒక కంపెనీ స్పీడ్ టెస్టులకు మాత్రం దారి వదిలి వీడియోను తొక్కిపెడుతోందేమోనన్న అనుమానం ఉన్నప్పుడు ఈ రెండు రకాల అంకెలనూ పక్కపక్కన పెట్టి చూడవచ్చు. అయితే నెట్‌ఫ్లిక్స్ తన సర్వర్లను చాలా కంపెనీల నెట్‌వర్కుల లోపలే పెట్టించింది కాబట్టి, ఫాస్ట్ అంకె బాగుందంటే బయటి ప్రపంచమంతటికీ దారి బాగుందని అర్థం కాదు.

సర్వరు ఎంపిక మీద నాకొక ఖచ్చితమైన అభిప్రాయం ఉంది. యాప్ తనంతట తాను ఎంచుకునే సర్వరు తరచుగా మన కంపెనీదే, అదీ మన ఊళ్లోనో పక్క ఊళ్లోనో ఉన్నదే అవుతుంది. ఆ టెస్టులో మన సమాచారం కంపెనీ ప్రహరీ దాటి బయటికి అడుగే పెట్టదు. దీన్ని మోసమనడం సరికాదు. ఇంటినుంచి కంపెనీ గుమ్మం వరకు లైను సరిగ్గా ఉందా అన్న ప్రశ్నకు అదే సరైన టెస్టు. కాని మనం వాడే సేవలు ఆ గుమ్మానికి అవతల ఉంటాయి. అందుకని ఒకసారి యాప్ ఇచ్చిన సర్వరుతో, మరోసారి వేరే కంపెనీవారి ముంబయి లేదా చెన్నై సర్వరుతో, ఇంకోసారి సింగపూరు సర్వరుతో పెట్టి చూడాలి. మొదటిది బాగుండి రెండోది సాయంత్రాల్లో మాత్రమే కూలిపోతుంటే, మన వీధిలో లోపం లేదు. కంపెనీ బయటి నెట్‌వర్కులతో కలిసే చోట చాలినంత సామర్థ్యం కొనుక్కోలేదని అనుమానించవచ్చు. లైను చూసే కుర్రాడు వచ్చి తన ఫోనులో మొదటి టెస్టు చూపించి వెళ్లిపోవడం, మన ఇంట్లో వీడియో మాత్రం మళ్లీ తిరుగుడుచక్రం చూపించడం, ఈ రెండూ ఏకకాలంలో నిజమయ్యేది ఇలాంటి ఇళ్లలోనే.

ఇక ఇంటి లోపలి ముక్క. నెట్ స్లోగా ఉందన్న ఫిర్యాదుల్లో పెద్ద వాటా వైఫైదే అని నా అనుభవం. ఫైబరు ఇంట్లోకి ఎక్కడ అడుగుపెడితే అక్కడే, అంటే వీధి గుమ్మం పైననో టీవీ బల్ల వెనకనో రౌటరును బిగించి పోవడం మనదగ్గర ఆనవాయితీ. పడకగది మాత్రం రెండు గోడల అవతల ఉంటుంది. పాత 2.4 గిగాహెర్ట్జ్ వైఫై గోడలను కొంత తేలిగ్గా దాటుతుంది గాని, దానిలో ఒకదానితో ఒకటి ఢీకొనని చానళ్లు 1, 6, 11 అని మూడే ఉన్నాయి. అపార్టుమెంటులో ఇరవై రౌటర్లు ఆ మూడింటినీ పంచుకుంటుంటే, ఒకటి మాట్లాడేటప్పుడు మిగతావి ఆగి ఎదురుచూడాల్సిందే. దానికి తోడు మైక్రోవేవ్ ఓవెను కూడా అదే పౌనఃపున్యంలో పనిచేస్తుంది. ఆ బ్యాండు మీద ఒకే యాంటెన్నాతో నడిచే చవకరకం ఫోనుకు మామూలు చానలు మీద కాగితం మీద వచ్చే గరిష్ఠ వేగం 72 ఎంబీపీఎస్. వైఫైలో ఎవరి వంతు వచ్చేవరకు వాళ్లు ఆగాలి కాబట్టి చేతికందేది అందులో సగానికి కాస్త అటూ ఇటూ. అలాంటి ఫోనుతో 300 ప్లానును కొలవడమంటే చిన్న చెంబుతో ట్యాంకరు సామర్థ్యాన్ని కొలవడమే. 5 గిగాహెర్ట్జ్ బ్యాండు మీద రెండు యాంటెన్నాల ఫోనుకు కాగితం మీద 866 వరకు ఉంటుంది, కాని ఆ తరంగాలు కాంక్రీటు గోడ దాటేసరికి నీరసిస్తాయి.

అందువల్ల మొదటి కొలత ఎప్పుడూ తీగ మీదే జరగాలి. రౌటరుకు తిన్నగా లాన్ కేబుల్ పెట్టి, ఇంట్లో మిగతా ఫోన్లూ టీవీలూ వైఫై నుంచి తప్పించి, ల్యాప్‌టాప్‌లో వీపీఎన్ (సమాచారాన్ని వేరే సర్వరు మీదుగా తిప్పే యాప్) ఉంటే ఆపి, వెనకాల అప్‌డేట్లు ఏవీ దిగడం లేదని చూసుకుని టెస్టు పెట్టాలి. ఆ అంకె ప్లానుకు దగ్గరగా ఉంటే కంపెనీ బాధ్యత అక్కడితో తీరినట్టే. ఆపైన తరిగిపోయిందంతా మన గోడల మధ్య తరిగిందే. ఇంకా తేలికైన పరీక్ష ఒకటుంది. కంప్యూటరు కమాండ్ విండోలో రౌటరు చిరునామాకే, అంటే చాలా ఇళ్లలో 192.168.1.1కు, పింగ్ కొట్టి చూడాలి. తీగ మీద జవాబు ఒక మిల్లీసెకనులోపే రావాలి. వైఫై మీద నాలుగైదు వచ్చినా పరవాలేదు. ఒకసారి 3, మరోసారి 180, ఇంకోసారి జవాబే లేకపోవడం, ఇలా ఉంటే లోపం మన ఇల్లు దాటి బయటికి పోలేదన్నమాట. ఆ తర్వాత 8.8.8.8 అనే గూగుల్ చిరునామాకు అదే పింగ్ కొట్టి రెండింటినీ పోల్చుకోవచ్చు.

ఇల్లు దాటాక వచ్చే ముక్క మన వీధి ఇరుగుపొరుగుతో పంచుకునేది. మనదేశంలో ఇళ్లకు వేసే ఫైబరు చాలావరకు జీపాన్ అనే పద్ధతిది. అందులో కంపెనీ కార్యాలయం నుంచి బయలుదేరిన ఒక్క గాజుతీగను దారిలో చిన్న పెట్టెలతో చీల్చుకుంటూ 32 లేదా 64 ఇళ్లకు పంచుతారు. ఆ ఒక్క తీగ మొత్తం సామర్థ్యం డౌన్‌లోడుకు 2,488 ఎంబీపీఎస్, అప్‌లోడుకు దానిలో సగం. 64 ఇళ్లూ ఒకే క్షణంలో శక్తికొద్దీ దింపుకుంటే ఇంటికి వచ్చేది 39 కన్నా తక్కువ, వాళ్లందరికీ అమ్మింది 100, 200, 300 ప్లాన్లే అయినా. అందరూ ఒకేసారి కుళాయి తిప్పరన్న నమ్మకం మీదే ఈ వ్యాపారమంతా నడుస్తుంది. మామూలు రోజుల్లో అది సరిగ్గానే నడుస్తుంది, క్రికెట్ మ్యాచ్ రాత్రుల్లో తడబడుతుంది. కనుక ఒక్క టెస్టుతో తీర్పు చెప్పకూడదు. వారంపాటు ఉదయం ఆరింటికీ, మధ్యాహ్నం మూడింటికీ, రాత్రి తొమ్మిదింటికీ తీగ మీద ఒకే సర్వరుతో పెట్టి రాసుకుంటే, రాత్రిపూట మాత్రమే లోయలు కనిపిస్తున్నాయా లేక రోజంతా కిందే ఉంటుందా అన్నది తేటగా కనిపిస్తుంది.

నెల చివరి వారంలో మాత్రమే వేగం పడిపోయే ఇళ్లు కొన్ని ఉంటాయి. అక్కడ ఎఫ్‌యూపీని, అంటే నెలకు ఇంత డేటా దాటితే వేగం తగ్గిస్తామనే షరతును చూడాలి. మనదగ్గర చాలా ప్లాన్లు అపరిమితం అనే పేరుతో నెలకు 3,300 జీబీ హద్దు పెట్టి, అది దాటాక వేగాన్ని కొన్ని ఎంబీపీఎస్‌కు తగ్గించేస్తాయి. ఇంతకుముందు లెక్కలో 100 ఎంబీపీఎస్ గంటకు 45 జీబీ అనుకున్నాం. ఆ చొప్పున 3,300 జీబీ 73 గంటల్లో, అంటే మూడు రోజుల పైచిలుకులో అయిపోతుంది. దాన్నే నెలంతా సమానంగా పరిస్తే సగటు 10 ఎంబీపీఎస్ మాత్రమే. మామూలు కుటుంబం ఈ హద్దును తాకదు, అది నిజమే. నాలుగు కెమెరాలు రాత్రింబవళ్లు క్లౌడ్‌కు వీడియో పంపే ఇంట్లోనో, పిల్లలు 4కే వీడియోలు ఆపకుండా చూసే ఇంట్లోనో అది ఎదురవుతుంది. స్పీడ్ టెస్టు కూడా ఉచితం కాదు: 200 ఎంబీపీఎస్ మీద పదిహేను సెకన్ల డౌన్‌లోడు దాదాపు 375 మెగాబైట్లు మింగుతుంది. ఇంటి కనెక్షను మీద అది లెక్కలోకి రాదు గాని, మొబైల్ డేటా మీద ఊరికే ఊరికే పెట్టి చూసేవారికి రోజు కోటా ఎటుపోయిందో అర్థం కాదు.

ఇంతవరకు చెప్పినదంతా ఆ పెద్ద అంకె గురించే. నన్నడిగితే ఇళ్లలో పడే అవస్థకు ఆ అంకెతో ఉన్న సంబంధం స్వల్పం. వీడియో కాల్‌కు మూడు నాలుగు ఎంబీపీఎస్ చాలు. నెట్‌ఫ్లిక్స్ 4కే సినిమాకు అడిగేది 15. అయినా 200 ప్లాను ఉన్న ఇంట్లో ఆఫీసు మీటింగు గడ్డకట్టుకుపోతుంది, అదీ సరిగ్గా ఇంకో గదిలో ఎవరో ఫోనులోని పెళ్లి వీడియోలను క్లౌడ్‌కు ఎక్కిస్తున్నప్పుడు. దీనికి బఫర్‌బ్లోట్ అని పేరు పెట్టినవాడు జిమ్ గెటిస్ అనే ఇంజనీరు. 2010 ప్రాంతంలో తన ఇంటి కనెక్షను ఎందుకు మొరాయిస్తోందో తవ్వుకుంటూ పోయి దీన్ని బయటపెట్టాడు.

తిరుమల సర్వదర్శనం క్యూను తలచుకుంటే ఇది సులువుగా అర్థమవుతుంది. గంటకు ఎంతమంది దర్శనం చేసుకుంటారన్నది ఒక అంకె. ఇప్పుడు లైనులో చేరిన మనిషి ఎంతసేపు ఆగాలన్నది వేరే అంకె. కంపార్టుమెంట్లన్నీ నిండి క్యూ బయటికి వచ్చినా మొదటి అంకె మారదు, రెండోది మాత్రం గంటలకు గంటలు పెరుగుతుంది. రౌటరులోనూ, ఫైబరు మోడెంలోనూ అలాంటి కంపార్టుమెంట్లే ఉన్నాయి, వాటిని బఫర్లంటారు. మెమరీ చవకైపోయాక తయారీదారులు ఒక్క ప్యాకెట్టు కూడా పారేయకూడదన్న మంచి ఉద్దేశంతో వాటిని అవసరానికి మించి పెద్దవి చేశారు. పంపేవైపు కంప్యూటరుకు దారి నిండిందని తెలిసేదే ఎక్కడో ప్యాకెట్టు పోయినప్పుడు. పెద్ద బఫరు ప్యాకెట్టును పోనివ్వదు కాబట్టి అది ఆగకుండా నింపుతూనే ఉంటుంది. అప్‌లోడు 5 ఎంబీపీఎస్ ఉన్న ఇంట్లో ఒక మెగాబైటు బఫరు నిండితే, ఆ వెనక చేరిన ప్రతి ప్యాకెట్టూ, అది పెళ్లి వీడియోలోది కానివ్వండి, మీటింగులో మన గొంతు కానివ్వండి, 1.6 సెకన్లు ఆగి తీరాలి. ఖాళీ లైను మీద 8 మిల్లీసెకన్లు చూపిన పింగ్ అప్పుడు 1,600కు చేరుతుంది.

స్పీడ్ టెస్టు పెద్ద అంకె ఈ ఇంట్లోనూ ఎప్పటిలాగే వస్తుంది. అందుకే లైను నిండుగా ఉన్నప్పుడు పింగ్ ఎంత అన్నది విడిగా కొలవాలి. క్లౌడ్‌ఫ్లేర్ టెస్టు దీన్ని చూపిస్తుంది. ఆపిల్ 2021 నాటి మాక్ మాంటెరీతో దీనికోసమే నెట్‌వర్క్ క్వాలిటీ అనే ఆదేశాన్ని ఇచ్చింది. ఊక్లా యాప్ కూడా డౌన్‌లోడు, అప్‌లోడు జరుగుతుండగా కొలిచిన పింగ్‌లను ఇప్పుడు విడివిడిగా చూపిస్తోంది. వీటిలో ఏదీ లేకపోయినా, ఒక ఫోనులో పెద్ద వీడియో ఎక్కిస్తూ ఇంకో కంప్యూటరులో 8.8.8.8కు పింగ్ కొడితే చాలు. 10 ఉన్నది 40 అయితే బాగున్నట్టే. 500 అయితే జబ్బు దొరికినట్టే.

ఈ జబ్బుకు మందు కొత్త ప్లాను కాదు. కాథ్లీన్ నికల్స్, వాన్ జేకబ్‌సన్ 2012లో ప్రతిపాదించిన కోడెల్ అనే పద్ధతి, ప్యాకెట్టు క్యూలో ఎంతసేపు నిలబడిందో గమనిస్తూ, అది హద్దు మీరగానే ఒకటి రెండింటిని కావాలని పారేసి, పంపేవారిని నెమ్మదించమని హెచ్చరిస్తుంది. దాని తర్వాతి రూపాలు ఒక్కో ప్రవాహానికి ఒక్కో వరస కడతాయి కాబట్టి, కొద్దిపాటి ప్యాకెట్లతో వచ్చిన వీడియో కాల్, గుట్టలుగా వచ్చిన అప్‌లోడు వెనక నిలబడాల్సిన పని ఉండదు. కొన్ని రౌటర్లలోనూ, ఓపెన్‌డబ్ల్యూఆర్‌టీ అనే ఉచిత రౌటరు సాఫ్ట్‌వేరు వేసుకోగలిగిన వాటిలోనూ ఇది ఎస్‌క్యూఎం (స్మార్ట్ క్యూ మేనేజ్‌మెంట్) పేరుతో ఉంటుంది. దానికి వేగాన్ని అసలు లైనుకన్నా పది శాతం తక్కువగా చెప్పాలి. అప్పుడు క్యూ మన చెప్పుచేతల్లో లేని మోడెంలో కాకుండా మన రౌటరులో కడుతుంది. ఆమేరకు స్పీడ్ టెస్టు అంకె తగ్గుతుంది. మా ఇంట్లో కేబులు సరిచేశాక 196 వచ్చింది. ఎస్‌క్యూఎం పెట్టాక 176 వస్తోంది. కాల్స్ గడ్డకట్టడం ఆగింది. ఆ 20 పోయినందుకు నాకు విచారం లేదు.

చట్టం దృష్టిలో వేగమంటే ఎంత అన్నది చూస్తే మనకు దక్కే రక్షణ ఎంతో తెలుస్తుంది. 1995 ఆగస్టు 15న ప్రభుత్వ సంస్థ వీఎస్ఎన్‌ఎల్ మనదేశంలో ప్రజలకు ఇంటర్‌నెట్ ఇవ్వడం మొదలుపెట్టినప్పుడు డయలప్ (టెలిఫోను లైను మీద వచ్చే కనెక్షను) వేగం సెకనుకు 9.6 కిలోబిట్లు. బ్రాడ్‌బ్యాండ్ అనిపించుకోవడానికి కావలసిన కనీస డౌన్‌లోడు వేగం చాలాకాలం 512 కిలోబిట్లుగా ఉండి, 2023 జనవరిలో 2 ఎంబీపీఎస్ అయింది. అమెరికాలో నియంత్రణ సంస్థ 2024 మార్చిలో ఆ గీతను డౌన్‌లోడుకు 100, అప్‌లోడుకు 20కి పెంచింది. రెండు దేశాల పరిస్థితులు వేరు కాబట్టి ఈ పోలికను దూరం లాగడం తగదు గాని, 100 ఎంబీపీఎస్ ప్లానులో రాత్రుళ్లు 20 వస్తుంటే నిర్వచనం మనకు ఏ సాయమూ చేయదన్నది స్పష్టం. ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వ ఫైబర్‌నెట్ 2017 చివర్లో ప్రారంభమైనప్పుడు నెలకు 149 రూపాయలకు ఇస్తామన్నది 15 ఎంబీపీఎస్. ఆనాటికి అది పెద్ద మాట. ఇవాళ ప్రకటనల్లోని వందల అంకెల పక్కన చిన్న అక్షరాల్లో ఉండే "వరకు" అనే మాటే అసలు ఒప్పందం.

ఆ "వరకు"తో కంపెనీ తప్పించుకోకుండా ఉండాలంటే ఫిర్యాదులో ఊహలకు చోటుండకూడదు. "నెట్ బాగా స్లో" అని చెబితే, రౌటరు ఒకసారి ఆపి వేయమన్న జవాబే వస్తుంది. ఏ తేదీన, ఏ వేళకు, తీగ మీద, మిగతా పరికరాలన్నీ తప్పించి, ఏ సర్వరుతో ఎంత వచ్చిందో వారం రోజుల పట్టికా, స్క్రీన్‌షాట్లూ పెడితే, అవతలివారు ఆ స్క్రిప్టు వదిలి లైను చూడాల్సి వస్తుంది. ఫిర్యాదు చేసినప్పుడు ఇచ్చే డాకెట్ నంబరును తప్పక తీసుకోవాలి. టెలికాం నియంత్రణ సంస్థ ట్రాయ్ 2012లో పెట్టిన నిబంధనల ప్రకారం, ఆ ఫిర్యాదు తీరకపోయినా, తీరిన తీరు నచ్చకపోయినా, కంపెనీలోనే ఉండే అప్పీలు అధికారికి 30 రోజుల్లోపు రుసుమేమీ లేకుండా అప్పీలు చేసుకోవచ్చు. వారు 39 రోజుల్లో తేల్చాలి. ట్రాయ్ తాను స్వయంగా వ్యక్తుల ఫిర్యాదులను విచారించదు, అక్కడికి ఉత్తరాలు రాసి ఎదురుచూడటం వల్ల కాలయాపనే. వినియోగదారుల కమిషన్ తలుపు మాత్రం తెరిచే ఉంది. టెలికాం సేవల వివాదాలు దాని పరిధిలోకి రావన్న వాదనను 2022 ఫిబ్రవరిలో సుప్రీంకోర్టు కొట్టివేసింది. అక్కడికి వెళ్లే ముందు 1915 నంబరులోని జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైనుకు చెప్పి చూడవచ్చు. అక్కడ తెలుగులోనూ మాట్లాడవచ్చు. ముందుగా అడిగేది డాకెట్ నంబరే.